ఫోటో వెనక సంతకం

"...సంతకమే కదా బావా, ఆస్తి రాసిమ్మన్నట్టు అలా చూస్తారేంటి?"

"ఆస్తయితే ఎప్పుడో రాసిచ్చేవాణ్ణి. లేదు కాబట్టి బతికిపోయాను."

"అందుకే అంటున్నా, గీకి పారెయ్యండి. పొద్దున్నే మేనేజర్ గారి బల్ల మీద ఉండాలి."

"గీకడానికి నా చేతికేం దురద లేదు. ముందు చూడనీ."

ముందు గదిలో బల్లకి అటూ ఇటూ బావా బావమరిదీ కూర్చున్నారు. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని ఒకావిడ నిలబడింది. ఆవిడ ఒకరికి భార్య, ఒకరికి అక్క. పొయ్యి మీద ఏదో అడుగంటుతున్న వాసన వస్తున్నా కదల్లేదు. బల్ల మీద ఒక ఫోటో బోర్లా పడి ఉంది. బావమరిది దాన్ని కవర్లోంచి తీసి అలాగే బోర్లా పెట్టాడు, పక్కన పెన్ను కూడా తెరిచి ఉంచాడు.

ఆ కాగితం మిల్లులో ఒక పద్ధతి ఉంది. లోపల ఎక్కడ ప్రమాదం జరిగినా, దెబ్బ తిన్న మనిషిని ఎత్తుకెళ్ళాక, అక్కడ చీపురు తగలకముందే ఫోటోగ్రాఫర్ రావాలి. తీసిన ఫోటో వెనక "ఇది నేను తీసినది, ఉన్నది ఉన్నట్టు" అని తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం ఉన్న ఫోటోనే విచారణకి వెళ్తుంది. లేకపోతే అది ఉత్త కాగితం. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆ సంతకం ఈ బావగారిదే.

ఆయన ఫోటోని తిరగేశాడు.

రెండో నంబరు యంత్రం. తడి కాగితాన్ని నొక్కే రెండు పెద్ద రోలర్లు. కింద సిమెంటు నేల మీద నల్లగా పాకిన మరక. రోలర్ల నోటికి అడ్డంగా, పసుపు రంగు వేసిన ఇనప మూత.

ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఈ మూత ఎక్కడిది?"

"ఏ మూత?"

"నీ నోటికి లేనిది."

"యంత్రమన్నాక మూత ఉండదా బావా?"

"నేను వెళ్ళేసరికి లేదు. దాని బదులు తాడు కట్టి ఉంది. తాడుకి ఎర్ర గుడ్డముక్క. నేను తీసింది అది."

"తీసింది మీరే. కొంచెం సరిచేశామంతే."

"సరిచెయ్యడమంటే వంకరగా ఉన్నదాన్ని తిన్నగా చెయ్యడం. లేనిది తెచ్చి పెట్టడాన్ని వేరే మాటంటారు. మీ అక్క ఇక్కడే ఉంది, అనను."

బావమరిది నవ్వబోయి మానేశాడు. అతను మిల్లులోనే, భద్రతా విభాగంలో పనిచేస్తాడు. ఆ ఉద్యోగం వేయించింది బావగారే.

మూత ఉన్నట్టా లేనట్టా అన్నది చిన్న విషయం కాదు. మూత లేని యంత్రం మీద మనిషిని నిలబెడితే తప్పు మిల్లుది. మూత ఉన్న యంత్రంలోకి చెయ్యి వెళ్ళిందంటే, ఆ మనిషే మూత ఎత్తి పెట్టినట్టు. అప్పుడు తప్పు అతనిది. చెయ్యీ పోతుంది, ఉద్యోగమూ పోతుంది, పైగా బుద్ధిలేనివాడన్న మాట మిగులుతుంది. ఈసారి చెయ్యి పోయినవాణ్ణి మిల్లులో పాటగాడంటారు. యంత్రాల హోరులో కూడా వినిపించేలా పాడతాడని. కుడిచేతి వేళ్ళు బొటనవేలు తప్ప అన్నీ పోయాయి.

"వండింది మాడిపోతోంది" అంది వంటింటి గుమ్మంలోని ఆవిడ, ఎవరో వేరేవాళ్ళు వండుతున్నట్టు.

"మాడనీ" అన్నాడు ఫోటోగ్రాఫర్. పెన్ను ఎత్తి బావమరిది జేబులో గుచ్చాడు. "తీసుకుపో. రేపు ఆఫీసుకొచ్చి మాట్లాడతాను."

*

మిల్లులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కదలొద్దు మాస్టారంటారు. వెనకాల ఉత్త 'కదలొద్దు'.

ఆయన చేరినప్పుడు మిల్లులో ఉన్నది చెక్క కెమెరా. మూడు కాళ్ళ స్టాండు, వెనక నల్ల గుడ్డ. అప్పటికే దాని తోలు మడతలు చిల్లులు పడి, అతుకులు వేసి ఉండేవి. కొత్తది కొనడం దండగని పాతదే వాడించేవాళ్ళు. లెన్సు మీది టోపీ చేత్తో తీసి, మనసులో లెక్కపెట్టుకుని, మళ్ళీ తొడగాలి. ఆ లోపల ఎదుటి మనిషి కదిలితే ముఖం పొగలాగా వస్తుంది. అందుకని గేటు పాసు ఫోటోలకి వచ్చినవాళ్ళందరినీ ఒకే గొంతుతో "కదలొద్దు" అనేవాడు. ఒకరోజు మిల్లు యజమాని తన ఫోటో తీయించుకోవడానికి వచ్చి కుర్చీలో కూర్చుని మీసం దువ్వుకుంటుంటే, గుడ్డ లోపల్నుంచి అదే గొంతు వచ్చింది, "కదలొద్దన్నానా!" అని. యజమాని బిగుసుకుపోయాడు. బయట క్యూలో ఉన్నవాళ్ళకి ఆ కబురు భోజనం కంటే రుచిగా తగిలింది. మన యజమానిని నోరు మూయించి కూర్చోబెట్టినవాడు ఇతనొక్కడే అని పేరు స్థిరపడిపోయింది.

తరవాత పైనుంచి తొంగిచూసే పెట్టె కెమెరా వచ్చింది. దాన్ని పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, ఎదుటివాళ్ళ బొమ్మని అద్దంలో చూస్తూ తీయాలి. "కదలొద్దు మనకి దండం పెడుతున్నాడ్రా" అనేవాళ్ళు. ఆ కెమెరా అంటే ఆయనకి ఇష్టం. ఎదుటివాడు ఊడ్చేవాడైనా మేనేజరైనా తను తల వంచాల్సిందే. ఆ తరవాతిది కంటికి ఆనించుకునేది, గుప్పెట్లో పట్టేది. నొక్కగానే అయిపోయేది. కూర్చున్నవాళ్ళు లేచేవాళ్ళు కాదు, "అప్పుడే అయిపోయిందా?" అని. ఆయనకీ నచ్చేది కాదు. కదలొద్దు అనే లోపే పని అయిపోతే ఇక అనడం దేనికి? అయినా అనేవాడు.

ప్రమాదం జరిగిన చోట ఆ మాటకి వేరే బరువుండేది. ఆయన కెమెరాతో గుమ్మంలోకి వచ్చి "కదలొద్దు, ఏదీ కదపొద్దు" అంటే సూపర్‌వైజరు కూడా చేతిలోని పారని ఉన్నచోటే వదిలేసేవాడు.

మెట్ల కింద ఇరుకు గదిలో ఎర్ర దీపం వెలిగించుకుని ఫిల్ము తనే కడిగేవాడు, కాగితం మీదికి తనే దించేవాడు. ఆ గదిలో నీళ్ళు సరిగా వచ్చేవి కాదు. అందుకని తడి ఫోటోలని బకెట్లో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. భార్య పెరట్లో తొట్టి నింపి, వాటిని జాడించి, తీగ మీద పిల్లల బట్టల పక్కన క్లిప్పులు పెట్టి ఆరేసేది. "ఈ ఇంట్లో నేను బట్టల కంటే మొహాలే ఎక్కువ ఉతికాను" అనేది. గేటు పాసు మొహాలయితే ఒక్కొక్కటీ చూసి, వీడెవడు, వాడి పెళ్ళామెవరు అని అడిగేది. ప్రమాదం ఫోటోలు మాత్రం నీళ్ళలో తిప్పేసి, చూడకుండా జాడించేది. ఆ పూట అన్నం దగ్గర మాట్లాడేది కాదు.

ఒకసారి గోదాములో క్రేను కొక్కెం ఊడి కాగితం చుట్ట కింద మనిషి పడ్డాడు. అప్పటి మేనేజరు ఆయన్ని పక్కకి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆ తుప్పు పట్టిన బోల్టు పడకుండా ఇటునుంచి ఇంకోటి తియ్యవయ్యా."

"తీస్తానండి. మొదటిది అప్పుడే కడగడానికి నీళ్ళలో పడింది."

మేనేజరు చెయ్యి భుజం మీదనుంచి దిగిపోయింది. రెండో ఫోటో తీయమని మళ్ళీ అడగలేదు.

నెగెటివ్‌లన్నీ మెట్ల కింద గదిలోనే ఇనప బీరువాలో ఉండేవి. తాళం ఆయన దగ్గర. నెగెటివ్‌ని గీకడం కుదరదని కాదు. బయట గీకినవాళ్ళూ ఉన్నారు. గీకిన చోటు మాత్రం వెలుతురుకి పెడితే పుండులా కనిపిస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అంతదాకా వెళ్ళేవాళ్ళు కాదు. విచారణ గదిలో ఎవరైనా గొంతు పెంచితే, ఎవరో ఒకరు "నెగెటివ్ ఉంది" అనేవాళ్ళు. అక్కడితో సరి. అన్నేళ్ళలో ఆయన ఒక్క విచారణలోనూ నోరు విప్పలేదు. గోడ పక్కన బల్ల మీద కూర్చునేవాడు, పిలిస్తే లేచేవాడు, సంతకం మీదేనా అంటే అవునని తల ఊపేవాడు.

*

రంగుల ఫిల్ము రాగానే ఎర్ర దీపం పోయింది. ఫిల్ము కవర్లో పెట్టి బయటి ల్యాబుకి పంపేవాళ్ళు. అయినా నెగెటివ్ వెనక్కి వచ్చి బీరువాలోకి చేరేది కాబట్టి ఆయన ఏమీ అనలేదు. ఇంట్లో తొట్టి ఖాళీ అయినందుకు భార్య సంతోషించింది.

డిజిటల్ కెమెరా వచ్చిన రోజు మేనేజరు గదిలో పది మంది మూగారు. అప్పటికి బావమరిది కొత్తగా చేరాడు. కంప్యూటరు నేర్చినవాడు. కెమెరా వీపు మీద అప్పటికప్పుడు బొమ్మ చూపించి, అరచేయంత కూడా లేని కార్డుని బయటికి లాగి, కంప్యూటర్లో పెట్టి, పెద్దది చేసి, చిన్నది చేసి, మేనేజరు జుట్టు నల్లగా చేసి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"నెగెటివ్ ఎక్కడ?" అన్నాడు ఆయన.

గది గదంతా నవ్వింది. చాలాకాలం మిల్లులో అదొక సామెతైపోయింది. ఎవరి భోజనం డబ్బా కనపడకపోయినా, ఎవరి చెప్పులు మారిపోయినా "నెగెటివ్ ఎక్కడ?" అనేవాళ్ళు. ఆయన ముందే అనేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు, పళ్ళు కనిపించేంత వరకే.

ఇనప బీరువాని ఎటో తీసుకుపోయారు. మెట్ల కింద గదిలో చీపుళ్ళు, బకెట్లు చేరాయి. కెమెరా ఇక ఆయన దగ్గర ఉండదు. భద్రతా విభాగం అలమరాలో ఉంటుంది. పని పడితే ఇస్తారు, పని కాగానే కార్డుతో సహా తీసుకుంటారు. బొమ్మ కంప్యూటర్లోకి వెళ్తుంది. అక్కణ్ణుంచి అచ్చు అయి, సంతకం కోసం ఆయన దగ్గరికి వస్తుంది.

ఊళ్ళో ఇప్పుడు ప్రతివాడి జేబులోనూ కెమెరా ఉంది. తినేది తీస్తారు, తిన్నాక కంచం తీస్తారు. మిల్లు గేటు దగ్గర మాత్రం ఫోన్లన్నీ గూట్లో పెట్టి లోపలికి వెళ్ళాలి. యంత్రాల మధ్య ఫోను చూస్తూ చెయ్యి పోగొట్టుకుంటారని ఆ నియమం. అంచేత, ఇన్ని కెమెరాలున్న ఊళ్ళో ఆ గేటు లోపల మాత్రం ఒకటే కెమెరా. అది ఆయన పట్టుకునేది. దాచేది వేరేవాళ్ళు.

*

మర్నాడు పొద్దున్న ఆయన భద్రతా విభాగంలోకి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసి, బావమరిది బల్ల ముందు నిలబడ్డాడు.

"అసలుది చూపించు."

"కూర్చోండి బావా. టీ చెప్తాను."

"టీ తాగడానికి రాలేదు. నేను తీసింది చూపించు."

"లేదు."

"లేదంటే?"

"పోయింది."

"పోయిందా, పంపేశావా?"

బావమరిది మౌస్‌ని బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు.

"కార్డు?"

"కార్డు కెమెరాలోనే ఉంది. అందులో ఆ తరవాత మీరే స్టోరు గుమాస్తా గారి వీడ్కోలు సభ తీశారు. బండెడు ఫోటోలు. పాతవాటి మీదే పడ్డాయి అవన్నీ."

ఆ సభలో వక్తలందరినీ, దండలనీ, జిలేబీ పళ్ళేలని కూడా తీయమని బావమరిదే పక్కన ఉండి చెప్పాడు. ఇది కూడా తియ్యండి బావా, అదీ తియ్యండి బావా అని. అంత ఉత్సాహం దేనికో ఆయనకి ఇప్పుడు అర్థమైంది.

"ఫోటో ఇటివ్వు."

బావమరిది కవర్లోంచి తీసి ఇచ్చాడు. ఆయన వేలు పెట్టి చూపించాడు. "ఈ మూలన సొట్ట ఉంది. ఇది రెండో నంబరు మూత కాదు. ఒకటో నంబరుది. మిల్లు క్యాలెండర్ కోసం నేను తీసిన ఫోటోలోంచి కోసి తెచ్చి అతికించావు."

"ఆ సొట్ట ఎవరు చూస్తారు బావా?"

"నేను చూశాను."

"మీరు చూస్తే ఏమవుతుంది? సొట్ట మూత ఒకటో నంబరుదని మీరు విచారణలో అన్నారనుకోండి. వాళ్ళు లోపలికెళ్ళి చూస్తారు. రెండో నంబరు మీద సొట్ట మూతే ఉంటుంది."

"ఎలా ఉంటుంది?"

"ఒకటో నంబరుది విప్పి దీనికి బిగించేశారు. మొన్ననే."

ముందు ఫోటోలో పెట్టారు. తరవాత ఫోటోలో ఉన్నట్టు యంత్రానికి పెట్టారు. ఇన్నాళ్ళూ యంత్రం ఎలా ఉంటే ఫోటో అలా ఉండేది.

"మరి ఒకటో నంబరుకి?"

"కొత్తది చెప్పారు. వస్తుంది."

"వచ్చేదాకా?"

బావమరిది కిటికీ వైపు చూశాడు.

"తాడు కట్టారా?"

"నన్నడిగితే నేనేం చెప్పను బావా? నేను కట్టలేదు."

ఆయన తలుపు తోసుకుని యంత్రాల హాల్లోకి వెళ్ళాడు. ఒకటో నంబరు నడుస్తోంది. రోలర్ల నోటికి అడ్డంగా తాడు. తాడుకి ఎర్ర గుడ్డముక్క కూడా దొరికినట్టు లేదు, సిమెంటు సంచి చింపి కట్టారు. దాని ముందు ఒకామె నిలబడి, తడి కాగితం అంచు మడత పడినప్పుడల్లా వేళ్ళతో సర్దుతోంది. ఆయన్ని చూసి తల పంకించింది. ఆ హోరులో మాట వినపడదు. ఆయన చెయ్యెత్తి వెనక్కి జరగమని సైగ చేశాడు. ఆమె తన వెనక ఎవరో ఉన్నారనుకుని తిరిగి చూసింది, ఎవరూ లేకపోతే నవ్వి మళ్ళీ పనిలో పడింది.

ఆయన పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చాడు.

"కెమెరా ఇవ్వు."

"దేనికి?"

"ఒకటో నంబరుకి."

"అక్కడ ప్రమాదం జరిగిందా బావా?"

"జరిగితేనే ఇస్తావా?"

"నా చేతిలో ఏముంది? రాసి ఉంది. ప్రమాదం జరిగితేనో, సభ జరిగితేనో ఇవ్వాలి. ఊరికే అడిగితే మేనేజరు గారి అనుమతి కావాలి."

"వేళ్ళు తెగేదాకా ఆగి, అప్పుడొచ్చి పిలుస్తావన్నమాట. రండి బావా, కెమెరా పట్టుకోండి, కదలొద్దని చెప్పండి అని. తెగిన వేళ్ళు ఎక్కడికీ కదలవురా!"

ఆయన ఎప్పుడూ బావమరిదిని 'రా' అనలేదు. పక్క గదిలో టైపు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"మెల్లగా బావా. గోడలకి చెవులుంటాయి."

"ఉండనీ. ఇన్నాళ్ళకి వాటికైనా వినపడాలి."

*

ఆసుపత్రిలో పాటగాడు మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేయి కట్టుతో పసిబిడ్డ తలంత ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. అతని భార్య మంచం అంచున కూర్చుని అతనికి చెంచాతో గంజి పడుతోంది. ఫోటోగ్రాఫర్‌ని చూడగానే గిన్నె కింద పెట్టి లేచింది.

"రండి మాస్టారూ" అన్నాడు పాటగాడు. "ఈసారి నన్ను కదలొద్దనక్కర్లేదు. డాక్టరే అన్నాడు."

ఆయన నవ్వలేకపోయాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నొప్పి ఎలా ఉంది?"

"లేని వేళ్ళే నొప్పి పెడుతున్నాయి. తమాషా కాకపోతే ఏంటి." కాసేపు కట్టు వంక చూసుకున్నాడు. "నిన్న మేనేజరు గారు వచ్చారు. పళ్ళు కూడా తెచ్చారు. ఫోటో చూపించారు మాస్టారూ, మీరు తీసింది."

"చూశావా?"

"చూశాను. మూత ఉంది." గొంతు తగ్గించాడు. "మీతో చెప్పడానికేం. నాకు తాడే గుర్తుంది. పొద్దున్న రాగానే దాన్ని తిట్టుకున్నాను కూడా. ఇదేం కట్టడం, బర్రెని కట్టినట్టు అని. కానీ ఫోటోలో మూతుంది. రాత్రంతా అదే ఆలోచిస్తున్నాను. మందుల మత్తులో నాకే తాడనిపిస్తోందేమో. తాడు కిందటి వారం సంగతేమో. ఆ రోజు మూత బిగించే ఉండి, నేనే ఎత్తానేమో."

"ఎత్తలేదు."

"మీకెలా తెలుసు? మీరు తరవాత కదా వచ్చారు."

"నేను వచ్చినప్పుడు తాడు ఉంది. మూత లేదు."

"మరి ఫోటోలో?"

పాటగాడు తప్పు చేసినవాడిలా నవ్వాడు.

"వేరేవాడు తెచ్చిన ఫోటో అయితే వాడి మొహాన కొట్టేవాణ్ణి. మీదన్నారు. మీరైతే లేనిది తియ్యరు కదా. అందుకే నా మీద నాకే అనుమానం వచ్చింది. తప్పు ఒప్పుకుంటే ఏదో కొంచెం చూస్తామన్నారు. ఒప్పుకుందామనే అనుకుంటున్నాను."

ఫోటోగ్రాఫర్ స్టూలు మీదనుంచి లేచాడు. గోడ దగ్గరికి వెళ్ళి, కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. చెక్క కెమెరా నాటినుంచి మిల్లులోని ప్రతి మొహాన్నీ తీశాడు. తీసిన ఫోటో నచ్చక పోట్లాడినవాళ్ళున్నారు, ముక్కు లావుగా తీశావని అలిగినవాళ్ళున్నారు. ఫోటో చూసి తన కళ్ళనే నమ్మడం మానేసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాడు. వేళ్ళు ఎలాగూ పోయాయి. జ్ఞాపకం కూడా కోసి పట్టుకుపోయారు. దానికి వాడిన కత్తి మీద తన పేరుంది.

"నువ్వు మూత ఎత్తలేదు" అన్నాడు కిటికీలోకి చూస్తూనే. "అక్కడ మూతే లేదు. ఇది నా నోటితో చెప్తున్నాను. రాత్రి మళ్ళీ ఆలోచించకు. పడుకో."

పాటగాడి భార్య ఆయన వెనకే వరండాలోకి వచ్చింది.

"మాకు చెప్పారు సరే అన్నగారూ. మాకు చెప్తే ఏమొస్తుంది? అక్కడ చెప్తారా? పక్క యంత్రం వాళ్ళనందర్నీ అడిగాను. మేం చూళ్ళేదమ్మా, మేం అటు తిరిగి ఉన్నాం అన్నారు. అంతమందీ ఒకేసారి అటు ఎందుకు తిరిగారో ఆ దేవుడికే తెలియాలి."

"విచారణ రేపే కదా" అన్నాడు ఆయన.

"రేపే" అంది ఆమె. ఇంకా ఏదో అంటాడని నిలబడింది. ఆయన మెట్లు దిగిపోయాడు.

*

ఇంటికి వచ్చేసరికి బావమరిది ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. ఫోటో మళ్ళీ బల్ల మీద ఉంది, బోర్లానే. అక్క ఎదురుగా కూర్చుని ఉంది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకుని, మాటలు అయిపోయినట్టున్నారు.

"బావా, ఒక్క మాట వినండి" అన్నాడు బావమరిది. "మేనేజరు నా కుర్చీ వెనక నిలబడి చేయించాడు. ఇక్కడ పెట్టు, ఇంకొంచెం కిందకి అని. నేను మౌస్ పట్టుకున్నానంతే."

"మౌస్ పట్టుకున్న చెయ్యి ఎవరిది? మేనేజరు తెచ్చుకున్నాడా ఇంటినుంచి?"

"కాదంటే నన్ను పంపేసేవాడు."

"పాటగాణ్ణి పంపేస్తున్నారుగా. వాడేం కాదన్నాడని?"

"మీకేం, రేపో మాపో రిటైరవుతారు. నాకింకా సగం జీవితం ఉంది."

"నేర్పినవాణ్ణి నేను. లెన్సు ఎలా తుడవాలో, ఎటునుంచి వెలుతురు పట్టాలో నేర్పాను. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. నువ్వు నా బతుకంతా కోసి, అందులో ముక్క తీసి, దాంతోనే నా నోరు కుట్టావు."

"అలా అనకండి" అంది భార్య. అంతవరకూ ఆవిడ మాట్లాడలేదు. ఫోటో అందుకుని తిరగేసింది. ప్రమాదం ఫోటోని ఆవిడ అలా చేతిలో పట్టుకుని చూడటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. చూసి, తమ్ముడి వైపు తిరిగింది.

"మూత పెట్టడం వచ్చింది గానీ, ఈ నెత్తురు తుడవడం రాలేదేంట్రా?"

బావమరిది తల దించుకున్నాడు. "అది ఉండాలన్నారక్కా. లేకపోతే నిజంలా కనపడదని."

ఆవిడ ఫోటోని బల్ల మీదికి విసిరేసింది. అది జారి కింద పడింది. ఎవరూ తీయలేదు.

"మీరు సంతకం పెట్టొద్దు" అంది భర్తతో. "అంతవరకూ నేను మీ వైపే. పెడితే ఈ ఇంట్లో మీకు అన్నం వడ్డించను. కానీ వీడి పేరు మాత్రం ఎత్తకండి. రేపు ఒంట్లో బాగాలేదని పడుకోండి. మీరు వెళ్ళొద్దు, వాడి పేరు రావొద్దు. అమ్మ పోతూ పోతూ వీణ్ణి నా చేతిలో పెట్టింది."

"ఆయన రాకపోతే నాతో పెట్టిస్తారక్కా" అన్నాడు తమ్ముడు, నేల వంక చూస్తూ. "తీసినవాడు సెలవులో ఉన్నాడు, అతని బదులు అని నా చేత రాయిస్తారు. ఇందాకే చెప్పారు."

"నువ్వు రాస్తావా?"

"రాయక?"

ఆవిడ రెండు చేతులతో మొహం రుద్దుకుంది. "మీ ఇద్దరి మధ్య నన్ను పెట్టి రోలర్లలో నొక్కినట్టు నొక్కుతున్నారు."

"నొక్కేది నేను కాదే" అన్నాడు భర్త. గొంతు తగ్గింది గానీ కోపం తగ్గలేదు, ఇంకా గట్టిపడింది. "ఇవాళ ఒకటో నంబరు దగ్గర ఒకామె నిలబడి ఉంది. తాడు ముందు. రేపు ఆమె చెయ్యి పోతే మూత ఎక్కణ్ణుంచి తెస్తారు? మూడో నంబరుది విప్పుతారు. వీడు మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంటాడు. నేను మళ్ళీ పెన్ను పట్టుకుంటాను. పాటగాడు ఇవాళ నాతో ఏమన్నాడో తెలుసా? నేనే మూత ఎత్తానేమో మాస్టారూ అన్నాడు. నా ఫోటో చూసి."

బావమరిది తల ఎత్తాడు. "వాడలా అన్నాడా?"

"అన్నాడు. మీకు కావలసింది అదేగా. దొరికింది."

బావమరిది మళ్ళీ తల దించుకున్నాడు. "ఇప్పుడు మీ మాట తప్ప ఏమీ లేదు బావా. అసలుది లేదు, కార్డు లేదు. మీరు చెప్తే ముసలాడికి మతిపోయిందంటారు. నవ్వుతారు."

"నవ్వనీ. ఇదివరకూ నవ్వారు."

ఆయన వంగి ఫోటో తీసి, దుమ్ము దులిపి, కవర్లో పెట్టి బావమరిది చేతికిచ్చాడు. భార్య వైపు చూశాడు, తరవాత బావమరిది వైపు.

"రేపు నేను వెళ్తున్నాను. ఇది నేను తీసిన ఫోటో కాదని చెప్తాను. తాడు చూశానని చెప్తాను, ఒకటో నంబరు మీద ఇవాళ ఉన్న తాడు గురించి కూడా చెప్తాను. ఎవరు మార్చారని అడుగుతారు. నువ్వు మార్చావని చెప్తాను. నీ చేత ఎవరు మార్పించారన్నది నువ్వే చెప్పుకో."